కొళత్తూరులో చిన్న రీఫ్ ట్యాంకు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

చెన్నైలో రంగుచేపలంటే కొళత్తూరే. విల్లివాక్కం స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుని వెళ్తే గాజు కోసేవాళ్ళు, పంపులు అమ్మేవాళ్ళు, చేపపిల్లల్ని ఆక్సిజన్ సంచుల్లో కట్టేవాళ్ళు అంతా ఆ చుట్టుపక్కలే ఉంటారు. కాకపోతే ఈ మార్కెట్టు బతికేది మంచినీటి చేపల మీద. గప్పీ, గోల్డ్‌ఫిష్, ఫైటర్, ఏంజెల్ ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఉప్పునీటి సరుకు పెట్టే దుకాణాలు మాత్రం కొన్నే. సముద్రంలోంచి రాయినీ నీటినీ ప్రాణినీ కొల్లగొట్టకుండా ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టాలనుకునే వాళ్ళకి ఈ మార్కెట్టు ఎంతవరకు పనికొస్తుందనేదే ఈ రివ్యూ. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. గాజు, పంపులు, హాచరీలో (గుడ్ల నుంచి పిల్లల్ని పెంచే చోట) పుట్టిన క్లౌన్ చేపలు ఇక్కడే కొనండి. రాయి, సముద్రపు నీళ్ళు, అనిమోన్ (రాయిని పట్టుకుని బతికే మెత్తటి సముద్ర జీవి) మాత్రం ఎవరు ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ట్యాంకు కొలత 60×40×40 సెంటీమీటర్లు అనుకుందాం. 8 ఎంఎం గాజు వేసి, పైన నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదిలి, రాళ్ళు సర్దాక మిగిలేది దాదాపు 75 లీటర్ల నీరు. దుకాణాల్లో 20 లీటర్ల ముద్దొచ్చే క్యూబులు చూపిస్తారు, వాటి జోలికి వెళ్ళకండి. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. 75 లీటర్లలో రెండు లీటర్లు ఆవిరైతే సాలినిటీ (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పుందో చెప్పే లెక్క) 35 నుంచి 36కి చేరుతుంది. 20 లీటర్ల క్యూబులో అర లీటరు తగ్గినా అంతే పెరుగుతుంది. చెన్నై ఎండకి అర లీటరు తగ్గడానికి ఒక రోజు చాలు. ఇంతకన్నా పెద్ద ట్యాంకు పెడితే ఉప్పు, కరెంటు, ఆర్‌ఓ నీళ్ళు అన్నీ ఆ మేరకు పెరుగుతాయి. తక్కువ వనరులతో నిలకడగా నడవాలంటే 70 నుంచి 90 లీటర్ల మధ్య ఉండటం మంచిది.

గాజు పనికి కొళత్తూరుకి పూర్తి మార్కులు. చెప్పిన కొలతకి కోసి, అంచులు పాలిష్ చేసి అతికించి ఇస్తారు. తీసుకునే ముందు మూలల్లో సిలికోన్‌ని మొబైల్ టార్చి వేసి పక్కనుంచి చూడండి. రెండు గాజుల మధ్య ఆ పొర నల్లగానో తెల్లగానో ఒకే రంగులో గీత గీసినట్టు ఉండాలి. మధ్యలో వెండి చుక్కల్లాంటి గాలి బుడగలు వరసగా కనిపిస్తే ఆ అతుకు కారే ప్రమాదముంది. బూజు పట్టని బాత్రూమ్ సిలికోన్ వాడారేమో కూడా అడగండి, ఎందుకంటే అందులో కలిపే మందు ప్రాణులకు విషం. ఇంటికి తెచ్చాక సమతలంగా ఉన్న చోట మామూలు నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచి చూడండి.

స్టాండు మాత్రం వాళ్ళు అలవాటుగా ఇచ్చే ఇనుప యాంగిల్ స్టాండు వద్దు. ఉప్పు నురగ చుక్కచుక్కగా జారి పెయింటు కిందికి చేరిందంటే ఇనుము పొరలుపొరలుగా లేచిపోతుంది. నీళ్ళతో కలిపి వంద కిలోలు దాటే బరువు కాబట్టి అల్యూమినియం ప్రొఫైల్ గానీ, నీళ్ళకి ఉబ్బని బీడబ్ల్యూపీ ప్లైవుడ్ గానీ చేయించుకోవాలి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేలా కడితే జారిన నీటిచుక్క సాకెట్లోకి పోదు. ఆ లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి.

ఇక రాయి. ఈ మార్కెట్టుకి మేము సున్నా ఇచ్చేది ఇక్కడే. 'లైవ్ రాక్' (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) పేరుతోనో 'డెకరేషన్ స్టోన్' పేరుతోనో ట్రేలలో పెట్టే తెల్లటి, బూడిదరంగు రాళ్ళలో చనిపోయిన పగడాలు ఉండొచ్చు. రాయి చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ఒంటినిండా చిన్న చిన్న గుంటలుండి, ఒక్కో గుంటలో నక్షత్రంలా సన్నటి గోడలు మధ్యకి సాగుతూ కనిపిస్తే అది పగడపు అస్థిపంజరమే. జింక కొమ్ముల్లా కొమ్మలు చీలినవీ, మెదడు మడతల్లాంటి గీతలున్నవీ కూడా పగడాలే. గట్టి పగడాలన్నీ, బ్లాక్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. రామనాథపురం నుంచి తూత్తుకుడి దాకా పరుచుకున్న మన్నార్ సింధుశాఖ దీవుల దగ్గర దశాబ్దాల తరబడి పగడాలు తవ్వి సున్నానికీ సిమెంటుకీ పంపారు. ఆ గాయం ఇంకా మానలేదు. ఇంట్లో అలంకారం కోసం అక్కడి రాయి ఒక్కటి కూడా రాకూడదు.

దీనికి బదులు సిరామిక్ రాయి కొనొచ్చు, లేదా మీరే పోసుకోవచ్చు. ఒక పాలు పోర్ట్‌లాండ్ సిమెంటు, రెండు పాళ్ళు సున్నపురాయి చిప్స్, రెండు పాళ్ళు గళ్ళుప్పు కలిపి, తడి ఇసుకలో చేసిన గుంటల్లో పోయండి. మూడు నాలుగు రోజులకి గట్టిపడ్డాక నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగి, అది ఉన్న చోటల్లా బొరియలు మిగులుతాయి. బ్యాక్టీరియా కాపురం పెట్టేది ఆ బొరియల్లోనే. తొందరపడితే చెడేది కూడా ఈ పనే. పచ్చి సిమెంటు నీటి పీహెచ్‌ని పది దాటిస్తుంది, అందులో ఏ చేపా బతకదు. నాలుగు నుంచి ఆరు వారాలు బక్కెట్లో నానబెట్టి, వారానికోసారి నీళ్ళు మార్చండి. మార్చిన నీటిలో రెండు రోజులుంచాక కూడా పీహెచ్ 8.5 లోపే ఉంటే అప్పుడు ట్యాంకులో పెట్టుకోవచ్చు. 75 లీటర్లకి ఏడెనిమిది కిలోలు చాలు. సముద్రపు రాయితో పోలిస్తే సిమెంటు రాయికి బొరియలు తక్కువ కాబట్టి ఫిల్టర్లో ఒక లీటరు సిరామిక్ మీడియా కూడా వేయండి. అడుగున ఇసుక లేకున్నా ఏ నష్టమూ లేదు, పైగా మురికి తీయడం సులువు.

నీటి సంగతి. మెరీనాలోనో బెసంట్ నగర్లోనో బిందె ముంచుకు రావడం సహజంగా, ఖర్చు లేనిదిగా అనిపిస్తుంది గానీ అది వద్దు. కూవం, అడయారు రెండూ ఊరి మురుగు మోసుకుని ఆ తీరంలోనే కలుస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో నదుల వరద నీరు కలిసి తీరంలో ఉప్పదనం పడిపోతుంది. దుకాణాలు క్యాన్లలో పోసిచ్చే సముద్రపు నీళ్ళు ఎక్కడ పట్టినవో చూసుకునే దారి మీకు లేదు. ప్యాకెట్టు సాల్ట్ మిక్సే (సముద్రపు నీటిలోని లవణాలు కలిపిన పొడి) నమ్మకం. వంటింటి గళ్ళుప్పు దానికి బదులు కాదు. ఉప్పుమడిలో నీరు ఎండేటప్పుడు కాల్షియం ముందే జిప్సంగా అడుగున దిగిపోతుంది, మెగ్నీషియం చివర్లో మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది. మన చేతికొచ్చే గళ్ళల్లో దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడానికి కావలసినవే అందులో ఉండవు.

ఇన్‌స్టంట్ ఓషన్, రెడ్ సీ, ట్రాపిక్ మారిన్ బ్రాండ్లలో ఏదైనా ఫరవాలేదు గానీ సీలు వేసిన సంచే కొనండి. పెద్ద డబ్బా తెరిచి కిలోల లెక్కన తూచి అమ్మేది తీసుకోకండి. ఇందులో తేమ పీల్చే లవణాలున్నాయి. చెన్నై గాలికి అవి గడ్డకడతాయి, పైన తీసిన కిలోకీ అడుగున తీసిన కిలోకీ పొంతన ఉండదు. లీటరుకి సుమారు 36 గ్రాములు పడుతుంది కాబట్టి మొదటిసారి నింపడానికి 2.7 కిలోలు, ఆ తర్వాత వారానికి పది శాతం మార్పుకి, అంటే ఏడున్నర లీటర్లకి, 270 గ్రాములు. బక్కెట్లో ముందు నీళ్ళు పోసి, పంపు తిప్పుతూ ఉప్పు కొద్దికొద్దిగా వేయండి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం కార్బొనేట్ విరిగి పాలలా తెల్లబడుతుంది, ఆ కాల్షియం మళ్ళీ కరగదు. రాత్రంతా తిరగనిచ్చి పొద్దున రిఫ్రాక్టోమీటర్తో (కాంతి వంగే తీరుని బట్టి ఉప్పదనం చూపే పరికరం) కొలవాలి. ఆ పరికరాన్ని 35 కాలిబ్రేషన్ ద్రవంతో సరిచూసుకోండి, మామూలు నీటితో సున్నా పెట్టడం ఒక్కటే సరిపోదు. ఊగే ముల్లున్న ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవకే గానీ, ముల్లుకి ఒక బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది.

కలిపే మంచినీటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా ఉండాలి. బోరు నీళ్ళు, లారీ నీళ్ళు చాలా పేటల్లో వెయ్యికి అటూ ఇటూ చూపిస్తాయి. ఇంటి ఆర్‌ఓ మిషన్ నుంచి వచ్చేది కూడా నేరుగా పనికిరాదు, రుచి కోసం కొంత నీటిని దారి మళ్ళించి కలుపుతుంది, లేదా మినరల్ కార్ట్రిడ్జ్ గుండా పంపుతుంది. మెంబ్రేన్ దాటిన వెంటనే ఒక టీ జాయింట్ వేసి, ఆ నీటిని డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని కూడా లాగేసే గుళికలు) గుండా పట్టుకోండి. రంగు మారే రెజిన్ కొంటే ఎప్పుడు అయిపోయిందో కంటికే తెలుస్తుంది. క్యాన్ వాటర్ మీద టీడీఎస్ పెన్ను పెట్టి చూడండి, సున్నా వచ్చేది అరుదు.

మార్పుకీ, ఆవిరికీ కలిపి వారానికి 20, 22 లీటర్ల శుద్ధ నీరు కావాలి. దానికి మూడు నాలుగు రెట్లు రిజెక్ట్ నీరు పోతుంది, అంటే 60 నుంచి 88 లీటర్లు. 2019 వేసవిలో నీళ్ళకి కటకటలాడిన ఊరిలో ఇది కాలువలో వదిలే నీరు కాదు. పైగా నెమ్మెలి ప్లాంట్లలో సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి ఈ నగరానికే పంపుతున్నారు. అంత కష్టపడి తియ్యబరచిన నీటికి మనం తిరిగి ఉప్పు కలుపుతున్నాం. రిజెక్ట్ పైపుని డ్రమ్ములో పెట్టి ఇల్లు తుడవడానికీ, టాయిలెట్ ఫ్లష్‌కీ వాడుకోండి. బోరు నీటి రిజెక్ట్ అయితే తులసి మొక్కకి పోయకండి, ఉప్పదనానికి మాడిపోతుంది.

చెన్నైలో చిన్న రీఫ్ ట్యాంకుని చంపేది ఎక్కువగా వేడి. ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, రోజులో ఒక డిగ్రీ కన్నా ఎక్కువ ఊగకూడదు. దుకాణంలో 'ఫ్యాన్ చాలు సార్' అంటారు. ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. మన తీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలకి మించి దించడం కష్టం. అగ్ని నక్షత్రం మొదలై రోహిణి కార్తె దాటేదాకా హాలులో 34 ఉంటే ట్యాంకు 31, 32 దగ్గర ఆగిపోతుంది. ఆ వేడిలో పగడం తనలోని శైవలాన్ని వదిలేసి తెల్లబడుతుంది. రాత్రి పడకగదిలో ఏసీ, పగలు బంద్ అంటే ఇంకా నష్టం, ఊగిసలాట పెరుగుతుంది. బెంగళూరులో ఉన్న చుట్టాలు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండానే నడుపుతున్నారని విని ఇక్కడ అలాగే పెట్టకండి, ఆ ఊరి గాలి వేరు.

కాబట్టి 1/10 హెచ్‌పీ చిల్లర్ కొనాల్సిందే. మొత్తం బడ్జెట్లో పెద్ద ముక్క అదే, స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) మానేసి అయినా సరే ఇది తీసుకోండి. రెండు చిన్న చేపలున్న 75 లీటర్లకి వారం వారం నీటి మార్పు ఉంటే స్కిమ్మర్ అవసరం లేదు. చిల్లర్ లోపల నీరు తగిలే గొట్టం టైటానియంతో చేసిందా అని అడిగి తెలుసుకోండి, రాగి తగిలితే నత్తలూ పగడాలూ బతకవు. పెల్టియర్ చిప్పుతో పనిచేసే చిన్న కూలర్లు ఈ ఎండకి ఆనవు. స్టాండు లోపల తలుపు మూసి పెడితే చిల్లర్ తన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటుంది, ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది గానీ నీరు చల్లబడదు. బయట, వెనక ఒక అడుగు ఖాళీతో పెట్టి, నెలకోసారి దుమ్ము వల కడగండి. సుమారు 150 వాట్లది రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు తిరిగితే 1.2 నుంచి 1.5 యూనిట్లు. లైటు, పంపులు కలిపి ఇంకో ముప్పావు యూనిట్. రెండు నెలల బిల్లులో 120 నుంచి 140 యూనిట్లు చేరతాయి. మీ ఇంటి వాడకం ఇప్పటికే 500 దగ్గర ఉంటే స్లాబు మారుతుంది, అది చూసుకోండి. థర్మోస్టాట్ 25 కాకుండా 26.5కి పెడితే తేడా బిల్లులో కనిపిస్తుంది, పగడాలకి ఇబ్బంది ఉండదు.

ఆవిరైన నీటికి ఆటో టాప్‌అప్ పెట్టి, దాని డబ్బా ఐదు లీటర్లదే ఉంచండి. ఫ్లోట్ ఇరుక్కుని ఐదు లీటర్లూ ఒకేసారి పడినా సాలినిటీ 33 దగ్గర ఆగుతుంది, ప్రాణాలు పోవు. పైపు మూతి నీటి మట్టానికి పైన ఉండాలి, లేకపోతే ట్యాంకు నీరు డబ్బాలోకి వెనక్కి జారుతుంది.

లైటు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మెత్తటి పగడాలకి 40 వాట్ల నీలం-తెలుపు ఎల్‌ఈడీ, ఎనిమిది గంటలు, మొదటి రెండు వారాలు ముప్పై శాతం కాంతి చాలు. మంచినీటి మొక్కలకి అమ్మే ఎరుపు ఎక్కువున్న లైటు అంటగడితే వద్దనండి.

నీళ్ళు, రాయి సర్దాక నాలుగు నుంచి ఆరు వారాలు చేప వేయకూడదు. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ముందు పెరగాలి, దీన్నే సైకిల్ చేయడం అంటారు. 'డ్యామ్‌సెల్ చేప వేసి సైకిల్ చేయండి' అని సలహా ఇచ్చే దుకాణాలున్నాయి. ఆ చేప అమ్మోనియాలో మొప్పలు కాలి చస్తుంది, బతికితే తర్వాత వచ్చే ప్రతి చేపనీ తరుముతుంది. దానికన్నా అమ్మోనియం క్లోరైడ్ నయం. కళాయి వేసేవాళ్ళ నవాసారమే ఇది గానీ, ల్యాబ్ గ్రేడుదే కొనండి. 75 లీటర్లకి అర గ్రాము వేస్తే సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. సీసా బ్యాక్టీరియా కలిపి, రెండు మూడు రోజులకోసారి కొలవండి. వేసిన 2 పీపీఎం ఇరవైనాలుగు గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధం. ఈలోపు గాజు మీద గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మమైన నాచు) పొర వస్తుంది, దానంతట అదే పోతుంది, మందులు పోయకండి.

చేపల్లో ఒసెలారిస్ క్లౌన్ జంట ఒక్కటి చాలు. మన దేశంలోనే మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ), పరంగిపేటలో అణ్ణామలై విశ్వవిద్యాలయం క్లౌన్ చేపల్ని గుడ్డు నుంచి పెంచే పద్ధతి సాధించి చూపించాయి. అలాంటప్పుడు సముద్రంలో పట్టినది కొనడానికి సాకు లేదు. హాచరీ పిల్లలు ఒకే ఈడువి, రెండు మూడు సెంటీమీటర్లవి, గుంపుగా ఒకే ట్యాంకులో కనిపిస్తాయి. నలిపిన గుళిక వేస్తే పైకొచ్చి తింటాయి. మేత వేసి చూపించమని అడగండి, 'ఇప్పుడే తిన్నాయి' అంటే మర్నాడు రండి. మొప్పలు ఎగశ్వాసలా కొట్టుకుంటున్నా, ఒంటి మీద పాలపొర లాంటి జిగురు కనిపించినా ఆ ట్యాంకులో ఏ చేపా వద్దు. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే, జంటలో పెద్దది ఆడదవుతుంది. అందుకే ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకోండి. తెచ్చాక నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచాలి. తెల్ల చుక్కల జబ్బుకి రాగి మందు వాడాల్సి వస్తే అక్కడే వాడాలి, రీఫ్ ట్యాంకులో ఒక్క చుక్క పడకూడదు.

పిల్లలు సినిమా చూసి అడిగే నీలం ట్యాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, దీనికి ఈ ట్యాంకు చెర. మాండరిన్ చేప బతికున్న కోపిపాడ్లే (కంటికి కనిపించీ కనిపించని చిన్న జీవులు) తింటుంది, ఇంత చిన్నచోట కడుపు ఎండి చస్తుంది. సముద్ర గుర్రాలు, సీ కుకుంబర్లు షెడ్యూల్ ఒకటిలోవి, అమ్మజూపితే ఆ దుకాణం గడప మళ్ళీ తొక్కకండి. అనిమోన్ లేకపోతే క్లౌన్ బతకదన్న మాట నిజం కాదు. తీరంలోంచి పీక్కొచ్చిన అనిమోన్ కొత్త ట్యాంకులో కరిగిపోయి నీరంతా పాడుచేస్తుంది.

పగడాలకి దుకాణం కన్నా నగరంలో సొంతంగా రీఫ్ ట్యాంకులు నడిపే హాబీ మనుషులే మేలు. మష్రూమ్, జోవాంథస్, జీనియా, కెన్యా ట్రీ లాంటి మెత్తటివి వాళ్ళ ట్యాంకుల్లోనే పిలకలు వేస్తాయి, బొటనవేలంత ముక్క చాలు. హ్యామర్, టార్చ్, ఆక్రోపోరా గట్టి పగడాలు. విదేశాల్లో పెంచినవే అని చెప్పినా వాటికి సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతీ, కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో నమోదూ ఉండాలి, కాగితం చూపించని చోట బేరం ఆడకండి. జోవాంథస్ ముక్క కోసేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి. కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషముంది. అవి పట్టిన రాయిని ఎట్టిపరిస్థితిలోనూ వేడినీళ్ళలో ఉడికించకండి, ఆ ఆవిరే ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేస్తుంది. ఆల్కలినిటీ (నీటి క్షారత) దాని కొలమానంలో 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే ఇవి సుఖంగా ఉంటాయి. నైట్రేట్ సున్నా కోసం తాపత్రయపడితే మెత్తటి పగడాలు ముడుచుకుపోతాయి.

ట్యాంకు శుభ్రం చేసే నెలవారీ సర్వీసు ఒప్పుకునేటట్టయితే ఒకటే షరతు పెట్టండి. వల, సైఫన్, బక్కెట్ మీవే వాడాలి. తడి వల ఇంటింటికీ తిరిగితే జబ్బు కూడా ఇంటింటికీ తిరుగుతుంది. చాలామంది కుర్రాళ్ళు పని బాగా చేస్తారు గానీ గాజు మెరిసేలా తుడవడం మీదే ధ్యాస. సాలినిటీ కొలవమని మీరే అడగాలి.

కరెంటు పోతే ముందు ఆగేది నీటి కదలిక, దానితో ఆక్సిజన్. 2016లో వర్దా, 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపాన్లు వచ్చినప్పుడు కొన్ని పేటలకి రోజుల తరబడి కరెంటు లేదు. ఎనిమిది పది వాట్ల వేవ్‌మేకర్ (ట్యాంకులో నీటిని కదిలించే పంపు) ఒక్కదాన్నే ఇన్వర్టర్ లైనుకి కలపండి, 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక రోజు దాటి నడుస్తుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి. తుపాను రోజుల్లో చల్లగానే ఉంటుంది, వేడి భయం మే నెల కోతలకే. ఫ్రీజర్లో గడ్డకట్టించిన లీటరు సీసా మూత బిగించి ట్యాంకులో తేలవేస్తే 75 లీటర్లు దాదాపు ఒకటిన్నర డిగ్రీ తగ్గుతాయి. ఒకదాని తర్వాత ఒకటి వేయండి, రెండు మూడు ఒకేసారి కాదు.

ట్యాంకు ఎత్తేయాల్సి వస్తే చేపల్నీ పగడాల్నీ హాబీ మనుషులకి ఇవ్వండి, ఉప్పునీటి దుకాణాలు కొన్ని వెనక్కి కూడా తీసుకుంటాయి. సముద్రంలో మాత్రం వదలకండి. సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు తప్పించుకుని మన్నార్ శాఖలో కురుసడై దీవి పగడాల మీద పరుచుకుంది, దాన్ని ఏరి తీయడం అక్కడివాళ్ళకి తలకి మించిన పనయింది. ట్యాంకులోని నాచు, నత్త, రాయి ఏదైనా అంతే. నాచుని మండుటెండలో ఎండబెట్టి చెత్తలో వేయండి. రాళ్ళని మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టుకుంటే తర్వాతి ట్యాంకుకి పనికొస్తాయి, జోవాంథస్ పట్టిన రాయి ఉంటే దాన్ని విడిగా ఉంచి గ్లౌజులతోనే ముట్టుకోండి. మిగిలిన ఉప్పునీరు బాత్రూమ్ డ్రెయిన్‌లోకి పోయాలి, పెరట్లోకి కాదు.